చలికాలంలో డీజిల్ ట్యాంకులో నీళ్ళు: సీసా మందు పోయాలా, డ్రెయిన్ చేస్తే చాలా?

మిర్చిలోడు, గుంటూరు · డిసెంబరు 6, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాకు రెండు లారీలున్నాయి, అందులో ఒకటి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల రకం). మిర్చి లోడుతో ఉత్తరాదికి తిప్పుతాం. ఈసారి జమ్మూ దాటి శ్రీనగర్ దాకా లోడు ఒప్పుకున్నాం. నెలాఖరులో బండి బయల్దేరాలి.

మొన్న నాగపూర్ దాటాక పొగమంచు ఎక్కువగా ఉందని డ్రైవరు రాత్రికి బండి పక్కన పెట్టాడు. తెల్లారి స్టార్ట్ చేస్తే, ఫిల్టర్‌లో నీళ్ళున్నాయని చెప్పే పసుపు లైటు వెలిగింది. ఫిల్టర్ కింద కాక్ తిప్పి నీళ్ళు వదిలాక ఆరింది. రెండు రోజులకు మళ్ళీ వెలిగింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోతే ఈ సీజన్ సంపాదన అంతా షెడ్డుకే పోతుంది.

ఒక మెకానిక్ ఫుల్ ట్యాంకుకి ఒక సీసా ఎడిటివ్, అంటే డీజిల్‌లో కలిపే మందు, పోస్తే నీళ్ళు "మాయమవుతాయి" అంటున్నాడు. ఇంకొకాయన కాశ్మీర్ వెళ్ళేటప్పుడు పది శాతం కిరోసిన్ కలపమన్నాడు. మా బావకు తణుకులో వరికోత మిషన్ ఉంది. సార్వా కోతలు అయిపోతే మళ్ళీ దాళ్వా వరకు అది షెడ్డులోనే. దాని ట్యాంకు నింపి పెట్టాలా, ఖాళీ చేసి పెట్టాలా అని ఆయన అడుగుతున్నాడు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత స్టీరింగ్, నిజామాబాద్ · డిసెంబరు 6, రాత్రి 10:02

తమ్ముడూ, ముందు కిరోసిన్ మాట మర్చిపో. పాత ఇంజన్లకు ఇన్‌లైన్ పంపులు ఉండేవి, అవి ఏది పోసినా తాగేవి. జమ్మూ లైన్లో ఆ రోజుల్లో అందరూ కలిపేవాళ్ళు. ట్యాంకు కింద గుడ్డలు కాల్చి వెచ్చబెట్టేవాళ్ళు. నీ బండి ఆ రకం కాదు. ఇప్పటి ట్యాంకు చుట్టూ వైర్లు, ప్లాస్టిక్ పైపులు, పక్కనే పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం ట్యాంకు ఉంటాయి. ఎవరైనా సాయం చేస్తానని మంట తెస్తే బండి దగ్గరికి రానివ్వద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పి పంపు.

రేషన్ నీలం కిరోసిన్ బండిలో పోస్తే కేసు కూడా అవుతుంది. వంటకీ దీపానికీ తప్ప దాన్ని ఇంకో పనికి వాడకూడదని 1993 నుంచే ఉత్తర్వు ఉంది.

పంపు షాపు, విజయవాడ ఆటోనగర్ · డిసెంబరు 6, రాత్రి 11:20

మిర్చిలోడు గారూ, మాది ఇంజెక్టర్లు, పంపులు విప్పి బాగుచేసే షాపు. మా బల్ల మీద కనిపించేది చెబుతాను.

మీ బీఎస్6 లాంటి కొత్త ఇంజన్లలో కామన్ రైల్ ఉంటుంది, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ గట్టి ప్రెషర్‌తో డీజిల్ వెళ్తుంది. నీళ్ళు తాగిన కామన్ రైల్ ఇంజెక్టరును విప్పి సూదిని లెన్స్ కింద పెడితే, అద్దంలా మెరవాల్సిన చోట గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అది తుప్పు. సూది కూర్చునే అంచు చుట్టూ సన్నటి గీతలు పడి ఉంటాయి. సూదికీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. అందులో 1,600 బార్లు, కొన్ని ఇంజన్లలో 2,000 పైన ప్రెషర్‌తో డీజిల్ నడుస్తుంది. ఆ భాగాలకు వేరే ఆయిల్ ఉండదు, డీజిలే ఆయిల్. దాని చోట నీటిబొట్టు వస్తే ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. పాత బండికి నీళ్ళొస్తే పొగ వచ్చేది, కాసేపు జర్క్ ఇచ్చి సర్దుకునేది. దీనికి సర్దుకోవడం ఉండదు.

ఇక సీసా సంగతి. నీళ్ళ కోసం అమ్మే మందులు ముఖ్యంగా రెండు రకాలు, రెండూ పక్కపక్కనే ఒకే అరలో ఉంటాయి. మొదటి రకం డీజిల్‌లో కలిసిపోయిన సన్నటి నీటి తుంపరలను విడగొట్టి కిందికి దింపుతుంది. దీన్ని డీమల్సిఫైయర్ అంటారు. దిగిన నీటిని సెపరేటర్, అంటే కింద కాక్ ఉండి నీటిని విడగొట్టే ఫిల్టర్, పట్టుకుంటుంది, మీరు కాక్ తిప్పి వదిలేస్తారు. రెండో రకం దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. అడుగున ఉన్న నీటిని చిన్న చిన్న బొట్లుగా చేసి డీజిల్‌లో కలిపేస్తుంది, ఇంజన్లో కాలిపోనీ అని. మీ మెకానిక్ చెప్పిన "మాయం" ఇదే. సెపరేటర్ పనిచేసేదే నీరూ డీజిలూ విడిగా ఉన్నాయి కాబట్టి. మందు రెంటినీ కలిపేస్తే నీరు ఫిల్టర్ దాటి నేరుగా పంపులోకి, ఇంజెక్టర్లోకి పోతుంది. పసుపు లైటు కూడా వెలగదు. లైటు ఆరింది కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు, లోపల పని జరిగిపోతూ ఉంటుంది.

స్పిరిట్, ఆల్కహాల్ పోయమనేవాళ్ళూ ఉన్నారు. అదీ నీటిని కలుపుకుని ముందుకు తీసుకుపోయేదే, పైగా డీజిల్ జిడ్డు తగ్గిస్తుంది. బీఎస్6లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్ళలో పదికి దించారు. అంత శుద్ధి చేసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డు తగ్గుతుంది కాబట్టి రిఫైనరీలోనే దానికి వేరే మందు కలుపుతారు. దాన్ని మనం స్పిరిట్‌తో, కిరోసిన్‌తో పలచన చేసుకోకూడదు.

రేపు ఒక పని చేయించండి. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున స్టార్ట్ చేయకముందే సెపరేటర్ కాక్ కింద తెల్లటి గాజు సీసా పెట్టి పావు లీటరు పట్టండి. పావుగంట అలాగే ఉంచి ఫోటో పెట్టండి.

డెలివరీ పికప్, హైదరాబాద్ · డిసెంబరు 7, ఉదయం 7:48

పంపు షాపు అన్నా, అన్ని మందులనూ ఒకే గాటన కట్టొద్దు. నా పికప్‌లో చాలా కాలంగా ఎడిటివ్ వాడుతున్నాను. పొద్దున స్టార్టింగ్ తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది, చప్పుడు తగ్గింది. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు కదా, దానివల్లే నీళ్ళు ఎక్కువయ్యాయని మా ఏరియాలో అందరూ అంటున్నారు. అలాంటప్పుడు మందు లేకపోతే ఎలా?

పంపు షాపు, విజయవాడ ఆటోనగర్ · డిసెంబరు 7, ఉదయం 8:30

తమ్ముడూ, చప్పుడు తగ్గి స్టార్టింగ్ బాగుపడిందంటే అది సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత) పెంచే రకం అయి ఉంటుంది. దాన్ని నేను తప్పు పట్టను. నీళ్ళ పేరు చెప్పి అమ్మేదాని గురించే నా మాట. నీ సీసా వెనక ఏం రాసుందో చదువు. నీటిని విడదీస్తుందని ఉంటే వాడుకో. కలిపేస్తుందని, కరిగించేస్తుందని ఉంటే కామన్ రైల్ బండికి వద్దు. ఏదీ రాయని సీసా అయితే అసలు కొనకు.

రసాయనం మాస్టారు, హనుమకొండ · డిసెంబరు 7, ఉదయం 9:05

ఇథనాల్ కలుపుతున్నది పెట్రోలులో, డీజిల్‌లో కాదు. డీజిల్‌కు సంబంధించి ఉన్నది బయోడీజిల్. 2030కి 5 శాతం కలపాలని 2018 జీవ ఇంధన విధానంలో లక్ష్యం పెట్టుకున్నారు. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తేమను పీల్చుకుంటుంది. కాబట్టి రోడ్డు పక్క చౌకగా దొరికే బయోడీజిల్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అసలు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్నకు లెక్క వేద్దాం. ట్యాంకు ఖాళీగా ఉంటే గాలిలో తేమ గోడలకు పట్టి నీళ్ళవుతుందని అందరం అంటాం. ఎంత అవుతుంది?

25 డిగ్రీల దగ్గర తేమతో పూర్తిగా నిండిన గాలి ఘనపు మీటరుకు సుమారు 23 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. 15 డిగ్రీలకు దిగితే 13 గ్రాముల దాకానే పట్టుకోగలదు. లారీ ట్యాంకులో 300 లీటర్ల ఖాళీ ఉందనుకోండి, అంటే 0.3 ఘనపు మీటర్లు. ఆ రాత్రి గోడలకు పట్టేది 3 గ్రాములు. టీ చెంచాడు కూడా కాదు. మర్నాటి రాత్రి నుంచి ఇంకా తక్కువ. ఎందుకంటే లోపలి గాలి పది డిగ్రీలు చల్లబడితే ముడుచుకుని బయటి నుంచి లాక్కునేది 10 లీటర్ల గాలే. అందులో ఉండే నీరు పావు గ్రాము. గాలి పూర్తిగా తేమతో నిండి ఉందనుకుని వేసిన లెక్క ఇది. అన్ని రోజులూ అలా ఉండదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. బీఎస్6 డీజిల్‌లో కిలోకు 200 మిల్లీగ్రాముల వరకు నీరు ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. 300 లీటర్లంటే దాదాపు 250 కిలోలు. అంటే నిబంధనలకు లోబడి ఉన్న డీజిల్‌లోనే 50 గ్రాముల దాకా నీరు ఉండొచ్చు. వెచ్చగా ఉన్నప్పుడు అది కరిగి ఉంటుంది, కంటికి కనబడదు. చల్లబడేకొద్దీ డీజిల్ దాన్ని పట్టుకోలేక కొంత వదిలేస్తుంది. కామన్ రైల్ ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్‌ను వేడిగా ట్యాంకుకు తిప్పి పంపుతుంది కాబట్టి పగలంతా ట్యాంకు వెచ్చగా ఉంటుంది, రాత్రి ఒక్కసారిగా చల్లబడుతుంది. నాగపూర్ చలిలో తెల్లారేసరికి లైటు వెలగడానికి ఇది ఒక కారణం కావచ్చు.

అయితే రెండు రోజుల్లో రెండుసార్లు వెలగాలంటే ఇంత నీరు చాలదు. ట్యాంకు మూతో, నింపించిన బంకో చూసుకోవాలి.

కోతమిషన్, మిర్యాలగూడ · డిసెంబరు 7, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, లెక్క కాగితం మీద బాగుంది. కానీ నా హార్వెస్టర్ ట్యాంకు సీజన్ ముందు డ్రెయిన్ చేస్తే ప్రతిసారీ గ్లాసుడు నీళ్ళు వస్తాయి. మిషన్ వానలో ఉండదు, షెడ్డులోనే ఉంటుంది. చెంచాడు అంటే నేనెలా నమ్మాలి? మా దగ్గర అందరూ ట్యాంకు నింపే పెడతారు. మిర్చిలోడు గారి బావకూ నేను అదే చెబుతా.

కాకినాడ బోటు · డిసెంబరు 7, మధ్యాహ్నం 2:36

కోతమిషన్ అన్నా, మిషన్ షెడ్డులో ఉంటుంది సరే, డీజిల్ డ్రమ్ము ఎక్కడ ఉంటుంది?

మా బోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అది ఎండాకాలం, అయినా ట్యాంకుల్లో నీళ్ళు దిగుతాయి. కాబట్టి చలి ఒక్కటే కాదు కారణం. మేం ముందు చూసేది డెక్ మీది మూత వాషరు, తర్వాత డ్రమ్ము.

నిలబెట్టిన డ్రమ్ము పైన అంచు ఉంటుంది కదా, వాన పడినా మంచు కురిసినా ఆ అంచు లోపల నీళ్ళు నిలుస్తాయి. పగలు ఎండకు డ్రమ్ములో గాలి వ్యాకోచించి మూత మరల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడి లోపలికి లాగినప్పుడు ఆ నిలిచిన నీళ్ళనే పీల్చుకుంటుంది. మూత గట్టిగా బిగించినా లాగుతుంది. పొద్దున చూస్తే పైన ఆరిపోయి ఉంటుంది, ఎండకు ఆరిందనుకుంటాం. డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టంలో పక్కలకు వచ్చేలా, డీజిల్ మట్టం కింద మునిగేలా పెట్టాలి. లేదా ఒక పక్కకు ఇటుక పెట్టి వాల్చి, పైన రేకు కప్పాలి.

కోతమిషన్, మిర్యాలగూడ · డిసెంబరు 7, సాయంత్రం 6:50

డ్రమ్ములు షెడ్డు బయట, గోడ పక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఇప్పుడే వెళ్ళి చూశాను. ఒకదాని మీద మూత చుట్టూ నీళ్ళు ఆరిన తెల్లటి వలయం ఉంది. రేపు చేతిపంపు గొట్టం అడుగు దాకా దింపి అడుగుది సీసాలోకి తీసి చూస్తాను.

మిర్చిలోడు, గుంటూరు · డిసెంబరు 8, ఉదయం 8:05

పంపు షాపు గారు చెప్పినట్టే సీసాలో పట్టించాను. అడుగున బొటనవేలు మందాన నీళ్ళు, వాటి మీద పాలలాంటి సన్నటి పొర, పైన పసుపు డీజిల్ స్పష్టంగా ఉంది. నీళ్ళలో ఇటుకపొడి లాంటి నలకలు తేలుతున్నాయి. నల్లటి జిగురేమీ లేదు.

ట్యాంకు మూత కూడా చూశాం. లోపలి రబ్బరు వాషరు ఒక పక్క చీలి ఉంది. బండి కడిగించేటప్పుడు ప్రెషర్ గన్ సరిగ్గా ఆ వైపే కొడతారని డ్రైవరు అంటున్నాడు.

పంపు షాపు, విజయవాడ ఆటోనగర్ · డిసెంబరు 8, ఉదయం 8:55

ఇది మంచి వార్తే. నీరూ డీజిలూ విడివిడిగా ఉన్నాయంటే సెపరేటర్ తన పని తాను చేస్తోంది. సీసా మొత్తం మజ్జిగలా తెల్లగా ఉండి ఎంతసేపటికీ విడిపోకపోతే అప్పుడు భయపడాలి. ఇటుకపొడి అన్నది ట్యాంకు లోపలి తుప్పు. నల్లటి జిగురు లేదు కాబట్టి ట్యాంకులో బూజు పట్టలేదనే అనుకోవాలి.

ఇప్పుడు ఏ మందూ పోయకండి. మూత వాషరు మార్చండి. ట్యాంకులో డీజిల్ బాగా తగ్గాక అడుగు డ్రెయిన్ నట్ విప్పి మడ్డితో సహా మొత్తం దింపేయండి. ఇంజన్‌కు వెళ్ళే గొట్టం అడుగు నుంచి కొంచెం ఎత్తులో ఉంటుంది. ఆ కింద నిలిచిన నీరు మామూలుగా ఎప్పటికీ బయటికి రాదు. ఘాట్లో బండి ఊగినప్పుడు, బ్రేకు కొట్టినప్పుడు లేచి గొట్టంలోకి వస్తుంది. అంటే మీకు లైటు గుంటూరులో కాదు, కాశ్మీర్ దారిలోని బనిహాల్ కనుమ ఎక్కేటప్పుడు వెలుగుతుంది. ట్యాంకు శుభ్రమయ్యాక రెండు ఫిల్టర్లూ మార్చండి. ఒక సెట్టు క్యాబిన్లో స్పేర్ పెట్టండి, కంపెనీ గుర్తు చూసి కొనండి. మార్చాక హ్యాండ్ ప్రైమర్ (ఫిల్టర్ దగ్గరి చేతిపంపు) గట్టిపడే దాకా కొట్టి గాలి తీయడం డ్రైవరుకు రావాలి. గాలి ఉండగా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే పంపు ఎండిపోయి అరుగుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

బంకు విషయంలో నా పద్ధతి ఒకటే. అమ్మకం బాగా ఉన్న బంకులో నింపించాలి. ట్యాంకరు నుంచి డీజిల్ దింపుతున్నా, అప్పుడే దింపినా కాసేపు ఆగాలి. భూమిలోని ట్యాంకు అడుగు నీళ్ళూ నలకలూ ఆ సమయంలోనే కలబడతాయి. బంకువాళ్ళు డిప్ రాడ్‌కు పేస్టు రాసి అడుగున నీరు ఎంత ఉందో చూస్తారు, నీరు తగిలిన మేర పేస్టు రంగు మారుతుంది. అడిగితే చూపించే బంకును అలవాటు చేసుకోండి.

లేహ్ కాన్వాయ్, విజయనగరం · డిసెంబరు 8, రాత్రి 8:40

ఇప్పటిదాకా నీళ్ళ గురించే మాట్లాడారు. శ్రీనగర్ అంటున్నారు కాబట్టి చలి గురించి కూడా చెప్పుకోవాలి. నేను సైన్యంలో లద్దాఖ్ వైపు బండ్లు నడిపాను.

అక్కడ రెండు వేరువేరు సమస్యలు వస్తాయి, డ్రైవర్లు రెండింటినీ ఒకటే అనుకుంటారు. సున్నా దగ్గర ఫిల్టర్‌లో మిగిలిన నీరు మంచుగడ్డ అయి దారి మూసేస్తుంది. ఇంకా చలి పెరిగితే డీజిల్‌లో ఉండే మైనం గడ్డకట్టి ఫిల్టర్ కాగితాన్ని కప్పేస్తుంది. రెండింటికీ లక్షణం ఒకటే: బండి స్టార్ట్ అవుతుంది, కాస్త దూరం పోతుంది, పికప్ పడిపోయి ఆగిపోతుంది. మొదటిది ఇంటి దగ్గర నీళ్ళు దింపేస్తే రాదు. రెండోదానికి డీజిలే మారాలి.

మన దేశ ప్రమాణంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు డీజిల్. అది 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి పారితే చాలు, పాసయినట్టే. మిగతా నెలల్లో అయితే 18 డిగ్రీలు. అసలు డీజిల్ ఇంకొంచెం కింది దాకా పారొచ్చు, కానీ హామీ అంతవరకే. కాశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు, ఏడాది మొత్తంలో గట్టి చలి అప్పుడే. రాత్రి శ్రీనగర్‌లో సున్నాకి కొన్ని డిగ్రీలు దిగువకు పోవడం మామూలే. మీ బండి వెళ్ళేది సరిగ్గా ఆ రోజుల్లో. గుంటూరు డీజిల్ ట్యాంకు నిండా పెట్టుకుని అక్కడ రాత్రి ఇంజన్ ఆపి పడుకుంటే పొద్దున కదలకపోవచ్చు.

లద్దాఖ్‌కు ప్రత్యేకంగా చలి డీజిల్ ఉంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మొదలుపెట్టింది, పానిపట్ రిఫైనరీలో తయారైంది, మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అంతకుముందు అక్కడ చలికాలమంతా కిరోసిన్ కలుపుకునే బండ్లు నడిచేవి. మీరు అంత దూరం వెళ్ళడం లేదు కాబట్టి చేయాల్సింది ఇది: పఠాన్‌కోట్ దాటేసరికి ట్యాంకు తగ్గించుకుని జమ్మూలో, ఆ తర్వాత పైన లోకల్ బండ్లు నింపించే బంకులో పోయించుకోండి. అక్కడి డ్రైవర్లను అడగండి, ఏ బంకు డీజిల్‌తో పొద్దున బండి లేస్తుందో వాళ్ళకు తెలుసు.

మిర్చిలోడు, గుంటూరు · డిసెంబరు 8, రాత్రి 9:30

సార్, చాలా ఉపయోగపడే మాట చెప్పారు. 44వ నంబరు హైవేనే కదా, ఆదిలాబాద్ నుంచి శ్రీనగర్ దాకా ఒకటే రోడ్డు అని తేలిగ్గా తీసుకున్నాం. అయితే డీజిల్ గడ్డకట్టకుండా ఉండే ఎడిటివ్ కూడా వద్దంటారా? రాంబన్ దగ్గర కొండ విరిగిపడితే బండ్లను రెండు మూడు రోజులు ఆపేస్తారని విన్నాను. అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు కదా.

లేహ్ కాన్వాయ్, విజయనగరం · డిసెంబరు 8, రాత్రి 10:15

అది వద్దనను. చలికి వాడే ఫ్లో ఇంప్రూవర్ నీళ్ళ మందు కాదు, దాని పని వేరు. అది మైనం పుట్టకుండా ఆపదు. పుట్టిన పలుకులు పెద్దవై ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, సన్నగా ఉంటే ఫిల్టర్ దాటిపోతాయి. అందుకే డీజిల్ ఇంకా వెచ్చగా ఉండగానే పోయాలి. ఖాళీ ట్యాంకులో ముందు మందు పోసి దాని మీద డీజిల్ పట్టిస్తే బాగా కలుస్తుంది. మీరు జమ్మూలో నింపేటప్పుడు పోయండి, అక్కడ ఇంకా అంత చలి ఉండదు. బనిహాల్ దాటాక వచ్చే ఖాజీగుండ్‌లో బండి ఆగిపోయాక పోస్తే ఏ ప్రయోజనమూ లేదు. కొలత సీసా మీద ఎంత రాసుంటే అంతే, రెట్టింపు పోస్తే రెట్టింపు పని చేయదు.

ఆగిపోతే: ఫిల్టర్ విప్పి స్పేర్ వేయడం, ఫిల్టర్ గిన్నెకు వేడినీళ్ళలో పిండిన గుడ్డ చుట్టడం. మీ మోడల్లో ఫిల్టర్ హీటర్ ఉంటే కీ ఆన్ చేసి కాసేపు ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ ముందు వైపు గాలికి ఎదురుగా పెట్టకుండా గోడ చాటుకో, ఇంకో బండి చాటుకో పెట్టించండి.

ఎడ్మంటన్ తెలుగు · డిసెంబరు 9, ఉదయం 6:20

మాకు ఇక్కడ కెనడాలో చలికాలంలో మైనస్ 30 దాకా పోవడం కొత్తేమీ కాదు. డీజిల్ పికప్ ఉంది నాకు. ఇక్కడ బంకుల్లోనే నెలను బట్టి, ప్రాంతాన్ని బట్టి డీజిల్ మార్చి అమ్ముతారు. పార్కింగ్ స్థలాల్లో కరెంటు ప్లగ్గులుంటాయి, రాత్రి బ్లాక్ హీటర్ తగిలించి పడుకుంటాం. ఇంత ఏర్పాటు ఉన్నా దక్షిణం నుంచి వచ్చే లారీలు అక్కడి డీజిల్‌తోనే ఎక్కి వచ్చి దారిలో ఆగిపోతుంటాయి. కాన్వాయ్ సార్ చెప్పిందే ఇక్కడి డ్రైవర్లూ పాటిస్తారు: ఎక్కడి చలికి అక్కడి డీజిల్.

ఇంకొకటి, యూరియా ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దానికి భయపడక్కర్లేదు. ఇంజన్ వేడెక్కాక సిస్టమ్ దాన్ని తనంతట తానే కరిగించుకుంటుంది. అందులో వేడినీళ్ళు గానీ ఏ మందు గానీ పోయకూడదు. ట్యాంకును మాత్రం నిండుగా కాకుండా కొంచెం ఖాళీ ఉంచండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది.

కోతమిషన్, మిర్యాలగూడ · డిసెంబరు 9, సాయంత్రం 5:45

డ్రమ్ము అడుగుది తీశాను. ముందు వచ్చింది మొత్తం నీళ్ళే, ఆ తర్వాత బురదలాంటి గోధుమరంగు నీళ్ళు, ఆ తర్వాతే డీజిల్ మొదలైంది. నీళ్ళకూ డీజిల్‌కూ మధ్య వేలికి అంటుకుంటే సాగే నల్లటి జిగురు ఉంది, కుళ్ళు వాసన. దీనికి మందు పోయాలా? మిషన్ ట్యాంకు నింపి పెట్టాలన్న మాట మీద మాత్రం నేను ఉన్నాను మాస్టారూ.

రసాయనం మాస్టారు, హనుమకొండ · డిసెంబరు 9, రాత్రి 7:30

ఆ జిగురు బ్యాక్టీరియా, బూజు. అవి బతికేది నీళ్ళలో, తినేది డీజిల్‌ని. అందుకే సరిగ్గా రెంటి మధ్య పెరుగుతాయి. వాటి ఆమ్లాలు ట్యాంకు ఇనుమును కూడా తింటాయి. నీరు లేకపోతే అవి పెరగలేవు. పట్టాక చంపే మందు ఉంది, బయోసైడ్ అంటారు. కానీ చచ్చిన జిగురంతా అక్కడే ఉండి ఫిల్టర్లను మూసేస్తుంది. కాబట్టి ముందు డ్రమ్ము పూర్తిగా ఖాళీ చేసి కడిగి, ఎండబెట్టాలి. ఆ అడుగు డీజిల్‌ను మిషన్‌లో వాడకండి. మిషన్ ట్యాంకులో కూడా ఇదే జిగురు కనబడితే అప్పుడు కడిగాక బయోసైడ్ వేయడం సబబే. చేతికి గ్లవుజులు వేసుకోండి.

ట్యాంకు నింపి పెట్టడం గురించి మీతో నాకు పెద్ద తగాదా లేదు. నిండా ఉంటే గోడలకు గాలి తగలదు, పైభాగం తుప్పు పట్టదు. నాలుగు నెలలకు డీజిల్ పాడైపోదు. నేనన్నది, నింపడం ఒక్కటే చేసి డ్రెయిన్ చేయకపోతే నీళ్ళు డీజిల్ కింద హాయిగా కూర్చుంటాయని. ముందు దింపండి, తర్వాత నింపండి.

పంపు షాపు, విజయవాడ ఆటోనగర్ · డిసెంబరు 9, రాత్రి 8:10

మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. తణుకు బావగారికి చెప్పండి: మిషన్‌ను డ్రెయిన్ నట్ ఉన్న వైపు కొంచెం పల్లంగా నిలపమనండి. నెలకోసారి అరలీటరు వదిలి సీసాలో చూస్తే చాలు. దాళ్వా కోతలకు తీసే ముందు ఫిల్టర్ మార్చి, ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో నడిపి, అప్పుడు పొలంలోకి దింపమనండి. దొంగతనం భయం ఉంటే సగం నింపినా పర్వాలేదు, మూత వాషరు మాత్రం బాగుండాలి.

డెలివరీ పికప్, హైదరాబాద్ · డిసెంబరు 9, రాత్రి 9:00

నా సీసా వెనక చదివాను. సీటేన్ పెంచుతుంది, నీటిని విడదీస్తుంది అని రెండూ ఉన్నాయి. కాబట్టి నేను వాడుతూనే ఉంటాను. సెపరేటర్ కాక్ మాత్రం వారానికోసారి తిప్పడం మొదలుపెడతాను, ఇన్నాళ్ళూ సర్వీసింగ్‌కే వదిలేశాను.

మిర్చిలోడు, గుంటూరు · డిసెంబరు 14, సాయంత్రం 4:25

ట్యాంకు దింపించాం. అడుగున రెండు లీటర్ల పైనే నీళ్ళు, తుప్పు మడ్డి వచ్చాయి. వాషరు కొత్తది, ఫిల్టర్లు కొత్తవి, స్పేర్ సెట్టు క్యాబిన్లో పెట్టాం. ప్రైమర్ కొట్టి గాలి తీయడం డ్రైవర్లిద్దరి చేతా షెడ్డులోనే చేయించాను. బండి ఒంగోలు దాకా వెళ్ళి వచ్చింది, లైటు వెలగలేదు. ఫ్లో ఇంప్రూవర్ సీసా కొన్నాను, జమ్మూలో పోయమని చెప్పాను. ఒక్క సందేహం: బండి కడిగేవాళ్ళు ట్యాంకు మూత మీద ప్రెషర్ కొట్టకుండా ఏం చేయాలి? చెప్పినా వినరు.

పాత స్టీరింగ్, నిజామాబాద్ · డిసెంబరు 14, సాయంత్రం 5:10

మూత మీద ట్యూబు ముక్క కోసి తొడుగు తమ్ముడూ, సైకిల్ ట్యూబు కాదు, లారీ ట్యూబుది. కడిగించేటప్పుడు తాడుతో బిగించి కట్టు, కడిగాక విప్పేయి. గాలి పీల్చే రంధ్రం మూసుకుపోతే ట్యాంకు ఒత్తుకుని డీజిల్ రాదు, అందుకే నడిచేటప్పుడు ఉంచకు. బనిహాల్ ఎక్కే ముందు ఉధంపూర్‌లో బండి ఆపినప్పుడు కాక్ ఒకసారి తిప్పి చూడమను.

మిర్చిలోడు, గుంటూరు · డిసెంబరు 14, సాయంత్రం 5:22

అలాగే బాబాయ్. ట్యూబు ముక్క ఇప్పుడే కోయిస్తున్నాను.